స్కాన్ బాగుంది, మనిషే బాగోలేడు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఆరు నెలల క్రితం మా ఆయన (36) పాతపట్నం నుంచి వస్తూ బైక్ జారి పడ్డారు, తలకి దెబ్బ తగిలి కాసేపు స్పృహ లేదు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ఆ తర్వాత నుంచీ నీరసం, ఆకలి లేదు, మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. రోజు మార్చి రోజు గడ్డం గీసుకునే మనిషి ఇప్పుడు గడ్డం సరిగా పెరగక వారమైనా బ్లేడు ముట్టడం లేదు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష బాగానే ఉంది, టెన్షన్ అంతే అంటున్నారు. నిజమేనా?

జవాబు: గడ్డం సంగతి రాసి మంచి పని చేశారమ్మా, చాలామంది అది డాక్టరుకి కూడా చెప్పరు. టెన్షన్ ఉండొచ్చు, కాదనను, కానీ టెన్షన్‌కి గడ్డం పెరగడం తగ్గదు.

మెదడు కింద, ముక్కు వెనకాల ఎముక గుంటలో బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి సన్నటి కాడకి వేలాడుతూ ఉంటుంది. థైరాయిడ్‌కి, అడ్రినల్ గ్రంథులకి, వృషణాలకి పని చెప్పేది అదే. తల గట్టిగా అదిరినప్పుడు ఆ కాడో, అందులోని సన్నటి రక్తనాళాలో దెబ్బతింటే గ్రంథికి రక్తం సరిగా అందదు, ఇదంతా సీటీలో కనపడాలని లేదు, లక్షణాలు కూడా నెలలు గడిచాక మెల్లగా బయటపడొచ్చు. అలాగని దెబ్బ తగిలిన ప్రతివాళ్లకీ ఇది రాదు, ఎక్కువమంది కొన్ని వారాల్లోనే తేరుకుంటారు.

ఇక టీఎస్‌హెచ్. అది థైరాయిడ్‌కి పిట్యూటరీ పంపే ఆర్డర్. పైనుంచి ఆర్డర్ వేసే ఆ గ్రంథే పాడైతే ఆ నంబరు నార్మల్‌గా ఉండి కూడా మోసం చేస్తుంది, దాంతోపాటు థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఇంకా ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్), టెస్టోస్టెరాన్ (వృషణాల హార్మోన్), వాటితో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (ఈ మూడూ పిట్యూటరీ హార్మోన్లే), రక్తంలో సోడియం. ముందు తేలాల్సింది కార్టిసాలే. అది తక్కువగా ఉండగా ఎవరైనా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే మనిషి కుప్పకూలొచ్చు. ఒళ్లు నొప్పులకని స్టెరాయిడ్ ఇంజెక్షన్లో, ఏం కలిపారో తెలియని పొడులో వాడి ఉంటే దాచకండి, వాటివల్ల కూడా కార్టిసాల్ పడిపోతుంది.

లోటు తేలితే కార్టిసాల్‌కి బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ లాంటి మాత్రలిస్తారు, కొందరిలో గ్రంథి ఏడాదిలోపు తనే కోలుకుంటుంది. ఈలోగా ఆగని వాంతులు, మత్తు, జ్వరంతో బీపీ పడిపోవడం కనిపిస్తే టెస్టుల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తలకి దెబ్బ తగిలిన సంగతి ముందే చెప్పండి.

రక్తం మీ ఊళ్లోనే తీయించి పెద్ద ల్యాబుకి పంపినా సరే. బరంపురమో విశాఖో వెళ్లేట్టయితే మాత్రం ముందు రోజు రాత్రే వెళ్లి పడుకోండి, తెల్లారి బస్సెక్కి పదకొండింటికి రక్తం ఇస్తే ఆ కార్టిసాల్ లెక్కకి రాదు.