ఇంట్లో కాచిన మేపుల్ సిరప్ పోటీకి పంపితే బహుమతి వస్తుందా?

పెరట్లో నాలుగు మేపుల్ చెట్లున్నాయి, వాటి తీపి నీళ్ళు మరగబెట్టి సిరప్ కాస్తున్నాం, తిన్నవాళ్ళంతా బ్రహ్మాండం అంటున్నారు, కౌంటీ ఫెయిర్‌లో (మన జిల్లా సంతలాంటిది) పోటీకి పంపమంటారా అని అడిగారు. పంపండి. కానీ తిన్నవాళ్ళ మాట మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఊరికే ఇచ్చిన సీసాకి వంక పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నేనుండేది అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో. ఇక్కడి పోటీల్లో సగం సీసాలు ఎవరి నాలుకా తాకకుండానే బయటికి పోతాయని నా లెక్క. అది కళ్ళారా చూడాలంటే జడ్జింగ్ అందరి ముందూ జరిగే చోటికి ఒకసారి వెళ్ళి కూర్చోండి. మేం వెళ్ళింది ఒక ఆగస్టు చివర్లో. మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడది అనకాపల్లి దగ్గర. పుట్టింట్లో చెరుకు గానుగ, బెల్లం వంట చూస్తూ పెరిగిన మనిషి. మార్చిలో మా పెరట్లో పెనం దగ్గర నిలబడి, పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రెండు చుక్కలు వేసి, "ఇదేటి బాబూ, పాకమే రానేదు, అప్పుడే దించేస్తన్నావు?" అని నన్ను నిలదీశారు. అరిసెల పాకం చూసిన కళ్ళకి మేపుల్ సిరప్ నీళ్ళలాగే కనిపిస్తుంది. ఆవిడ మాట విని ఇంకాస్త కాచి ఉంటే సీసా అడుగున కలకండ కట్టేది.

ఫెయిర్‌లో ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు. బల్ల వెనక ఇద్దరు జడ్జీలు. ఒకాయన సీసా మూత తీసి, సిరప్‌ని పొడుగాటి స్టీలు గొట్టంలో పోసి, అందులో చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ వదిలాడు. గాజు పుల్ల అటూ ఇటూ ఊగి నిలబడేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆయన వంగి గీత చూసి, తల అడ్డంగా ఊపి, ఆ సీసాని బల్ల చివరికి జరిపాడు. తర్వాతిదీ అంతే. మూడోది నిలిచింది. మా అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. "నోట్లో యేసుకోకండా తీసి పక్కనెట్టేశారేటి? ఆళ్ళు ఎంత కష్టపడి కాశారో!" అని పైకే అనేశారు. తెలుగు కాబట్టి సరిపోయింది.

ఆ గీత కథ ఇదీ. వెర్మాంట్‌లో సిరప్ 66.9 బ్రిక్స్‌కి (అంటే నూటికి ఇన్ని పాళ్ళు చక్కెర అని లెక్క) తగ్గకూడదు, 68.9 దాటకూడదు. మిగతా చాలా రాష్ట్రాల్లో కింది హద్దు 66. అంటే వేరే రాష్ట్రం లెక్కతో గీత వేసిన మీటర్ ఆన్‌లైన్‌లో కొని, దాని ప్రకారం బుద్ధిగా కాచినా ఇక్కడ పల్చన అయిపోతుంది. థర్మామీటర్‌ని నమ్ముకునేవాళ్ళది ఇంకో గోల. 219 డిగ్రీల ఫారెన్‌హీట్ రాగానే దించేయమని యూట్యూబ్‌లో ప్రతివాడూ చెప్తాడు. నీళ్ళు 212 దగ్గర మరిగే చోట, మరిగే రోజున ఆ లెక్క సరే. కొండ మీద ఉన్నా, వాతావరణం మారినా నీళ్ళు మరిగే వేడే మారుతుంది. ఆ రోజు మామూలు నీళ్ళు ఎంత దగ్గర మరిగాయో చూసి, దాని మీద ఏడు డిగ్రీలు, వెర్మాంట్‌లో అయితే పిసరంత ఎక్కువ. ఆఖరి మాట మాత్రం హైడ్రోమీటర్‌దే.

తర్వాత తేట చూశారు. సీసాని దీపం ముందు పెడితే మసక కనపడకూడదు. కాచేటప్పుడు ఇసుకలాంటి మడ్డి పుడుతుంది, షుగర్ శాండ్ అంటారు. దాన్ని మందపాటి ఫెల్ట్ గుడ్డలో వేడివేడిగా వడకట్టాలి. పల్చటి చీర ముక్కతో పని జరగదు. సీసాలో పోసేటప్పుడు వేడి 180 దాటాలి, లేకపోతే బూజు పడుతుంది. అలాగని మళ్ళీ పొయ్యి మీద పెట్టి 190 దాటనిస్తే వడకట్టిన మడ్డి మళ్ళీ పుట్టుకొస్తుంది.

మన ఇళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఆవకాయ పెట్టిన సీసా ఎన్నిసార్లు కడిగినా సరే, పోటీకి వాడకండి. ఇంగువ పోపు వేసే వంటింట్లో కాచకండి. పొంగు అణచడానికి ఒక చుక్క నెయ్యి వేస్తారు కొందరు, ఎక్కువైతే జడ్జి నాలుక పట్టేస్తుంది. చెట్టు చిగురు వేసే రోజుల్లో తీసిన నీళ్ళతో కాచినదాన్ని మాత్రం ఏ జాగ్రత్తా కాపాడలేదు. ఆ వాసనకి ఇక్కడ "బడ్డీ" అని పేరు, ఆ ముక్క మార్కుల కాగితం మీద పడితే ఇక అంతే.

ఇప్పుడు నా అసలు బాధ. రంగుని బట్టి చేసిన నాలుగు రకాలకీ విడివిడిగా బహుమతులిచ్చాక, అన్నిట్లోకీ ఉత్తమం అని ఒకటి ఎంచారు. అన్నిట్లోకీ లేత రంగుదైన గోల్డెన్ రకమే గెలిచింది. నేను చూసిన చోటల్లా అదే గెలుస్తుంది. మా డార్క్ సీసాకి దాని తరగతిలో మూడో రిబ్బన్ వచ్చింది, దాని గురించి నాకు పేచీ లేదు. కానీ ఆ గోల్డెన్ రుచి చూశాను. పంచదార నీళ్ళలో వెనిలా వాసన చూపించినట్టుంది. 2015 దాకా బాగా ముదురు రంగు సిరప్‌ని అమెరికాలో చాలా చోట్ల గ్రేడ్ బి అనేవారు. వెర్మాంట్ ఒక ఏడాది ముందే ఆ పేరు తీసేసింది. ఇప్పుడు గోల్డెన్, యాంబర్, డార్క్, వెరీ డార్క్ అన్నీ గ్రేడ్ ఎ. కాగితం మీద సమానత్వం వచ్చేసింది, జడ్జీల బుర్రలో ఇంకా గ్రేడ్ బి కూర్చునే ఉంది.

పైగా ఈ రంగు పక్షపాతం పెరటివాళ్ళ మీదే పడుతుంది. చెట్టు నీళ్ళలో తీపి రెండు శాతం ఉంటే గొప్ప. ఒక గ్యాలన్ సిరప్‌కి నలభై గ్యాలన్లు మరగబెట్టాలి. పెద్ద కంపెనీలు రివర్స్ ఆస్మోసిస్ యంత్రంతో ముందే చాలా నీరు తీసేసి, మిగిలినదాన్ని గబగబా కాచేస్తాయి. మనం చిన్న పెనంలో పొద్దున్నించి రాత్రిదాకా కాస్తాం. ఎంతసేపు కాగితే అంత రంగు తిరుగుతుంది. సీజన్ చివర ఎండ ముదిరితే నీళ్ళలో సూక్ష్మజీవులు పెరిగి చక్కెరని విడగొడతాయి, అప్పుడు ఇంకా నల్లబడుతుంది. మరి పెరటి సిరప్‌కి బంగారు రంగు ఎక్కణ్ణించి వస్తుంది? ఔత్సాహికులకి వేరే తరగతి ఉందేమో ముందే అడగండి, ఉంటే అందులోనే వేయండి.

జడ్జింగ్ అయ్యాక మిగిలిన సీసాలు జనానికి రుచి చూడమని వదిలారు. మా అత్తగారు గోల్డెన్ చప్పరించి మొహం చిట్లించి, వెరీ డార్క్ దగ్గర ఆగిపోయారు. చిన్న ప్లాస్టిక్ చెంచాతో మూడుసార్లు తిన్నారు. "ఇదిగో, ఇది సరుకు. మిగతాయి పిల్లలకి పోయండి" అన్నారు. జడ్జీగారికి నేను అనువదించి చెప్తే ఆయన నవ్వి, తన ఇంట్లో కూడా అదే వాడతామన్నాడు. మరి అలాంటప్పుడు ఆ పెద్ద రిబ్బన్ దానికెందుకు కట్టలేదని అడుగుదామనుకున్నాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగేసింది.

సరే, మీ సంగతి. ఒకే వంటలో కాచినది ఒకేసారి రెండు సీసాలు నింపండి. ఒకటి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, గడ్డకట్టదు, రంగూ మారదు. ప్లాస్టిక్ సీసాలో బయట ఉంచితే నెలల్లో ముదురుతుంది, ఏప్రిల్‌లో యాంబర్ అనుకున్నది ఆగస్టుకి డార్క్ తరగతిలో పడుతుంది. సీసా మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది, కాబట్టి మన పేరు చూసి ఏమనుకుంటారో అన్న బెంగ అక్కర్లేదు. రిబ్బన్ రాకపోయినా మార్కుల కాగితం అడిగి తీసుకోండి. నియమాల్లో ఎంత సైజు సీసా అడిగితే అంతే పంపండి, చాలా చోట్ల తిరిగి ఇవ్వరు.