పాఠకుల ప్రశ్నలు: ఇద్దరు పిల్లల తల్లి న్యాయశాస్త్రం చదవాలనుకుంటే...

ప్రశ్న: మాది కరీంనగర్. నా వయసు 37. 2009లో 58 శాతం మార్కులతో బి.కాం. పూర్తి చేశాను. పెళ్లి, పిల్లలతో చదువు అక్కడే ఆగిపోయింది. పుట్టింటి పొలం తగాదాలో నాన్నగారి వెంట రెండేళ్లు కోర్టుకు తిరిగాను. మా కాగితాల్లో ఏముందో మాకే అర్థం కాని స్థితిని చూశాక లా చదవాలన్న కోరిక బలపడింది. వచ్చే ఏడాది లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరాలని ఉంది. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. మావారు కిరాణా దుకాణం చూసుకుంటారు, చదువుకోమనే అంటున్నారు. నా దిగులు వేరే ఉంది. ప్రతి ఆదివారం ఉదయం నేనూ పిల్లలూ ఊరి చివరి చెరువుగట్టుకు వెళ్లి, కనిపించిన పిట్టల పేర్లు నోటు పుస్తకంలో రాసుకుంటాం. నాలుగేళ్లుగా ఈ అలవాటు సాగుతోంది. చదువు మొదలైతే ఇది మానుకోక తప్పదేమో అనిపిస్తోంది. పిట్టలకు బదులు ఆ సమయంలో పిల్లలతో కలిసి జనరల్ నాలెడ్జ్ చదివితే రెండు పనులూ అవుతాయని బంధువులొకరు అన్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ బంధువుల సలహా సంగతి. దయచేసి దాన్ని పాటించకండి. అమ్మ చెరువుగట్టుకు వచ్చింది పిట్టల కోసం కాదనీ తన పరీక్ష కోసమనీ పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆ రోజుతో నోటు పుస్తకం మూలన పడుతుంది. నాలుగేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న అలవాటును 30 మార్కుల విభాగం కోసం పోగొట్టుకోవడం న్యాయం కాదు.

నిజానికి లాసెట్ మీ ఆదివారాలను బలిగోరేంత పరీక్ష కాదు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయవిద్య అభిరుచికి 60 ప్రశ్నలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత దక్కుతుంది గాని, మంచి కళాశాలలో సీటు కావాలంటే అంతకు చాలా ఎక్కువ రావాలి. డిగ్రీలో కనీసం 45 శాతం అడుగుతారు కనుక ఆ విషయంలో మీకు చింత లేదు. గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. అందువల్ల రోజూ ఒక తెలుగు దినపత్రికను సంపాదకీయంతో సహా చదవడం, రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాల భాగాలను నెమ్మదిగా అర్థం చేసుకోవడం మంచి ఆరంభం. న్యాయవిద్య అభిరుచి విభాగానికి సగం మార్కులు ఉన్నాయి కాబట్టి సమయంలో సగం దానికే ఇవ్వండి.

అసలు భారం ప్రవేశ పరీక్షది కాదు, ఆ తరువాతి మూడేళ్లది. నన్ను ఎక్కువ మంది తల్లులు అడిగేది పరీక్ష గురించే గాని, ఇబ్బంది పడేది హాజరు దగ్గర. న్యాయవిద్యను, న్యాయవాదులను పర్యవేక్షించే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు తప్పనిసరి. తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 మధ్యలోనే జరగాలి. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కావడం కుదరదు. కాబట్టి కౌన్సెలింగ్‌లో కళాశాలల పేర్లు ఎంచుకునే ముందు, మీకు అందుబాటులో ఉన్న ప్రతి కళాశాలకు స్వయంగా వెళ్లి, తరగతులు ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తాయో, పిల్లల బడి వేళలకు అవి ఎలా పొసగుతాయో అడిగి తెలుసుకోండి. పేరున్న కళాశాల దూరంగా ఉంటే, దగ్గరి కళాశాలనే ఎంచుకోమంటాను. రోజూ రెండు గంటలు బస్సులో పోతే ఆ రెండు గంటలూ పిల్లల దగ్గర నుంచే తీసుకోవాల్సి వస్తుంది.

నేను 36వ ఏట లాలో చేరాను. అప్పటికి మావాడికి తొమ్మిదేళ్లు. రాత్రి భోజనాలయ్యాక మేమిద్దరం వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసుకుని అష్టాచమ్మా ఆడేవాళ్లం. ఒక రాత్రి నా మూడు గవ్వలు వెల్లకిలా పడ్డాయి, నాలుగోది గడప అంచుకు ఆనుకుని వాలుగా నిలబడింది. అది కూడా వెల్లకిలే, కాబట్టి చమ్మ అని నేను తేల్చేశాను. వాడు ఒప్పుకోలేదు. 'నువ్వూ ఆడుతున్నావు కదమ్మా, నువ్వెలా చెప్తావు? నాయనమ్మను అడుగుదాం' అన్నాడు. అత్తయ్య వచ్చి చూసి, గవ్వలు మళ్లీ వేయమన్నారు. ఆ తరువాతి సంవత్సరం అడ్మినిస్ట్రేటివ్ లాలో సహజ న్యాయ సూత్రాలు చదివినప్పుడు, తన తగవుకు తానే తీర్పరి కాకూడదన్న మొదటి సూత్రం దగ్గర నాకు ఆ గవ్వ గుర్తొచ్చింది. ఇప్పటికీ ఆ పాఠం నాకు పుస్తకంలో కంటే ఆ వరండాలోనే బాగా బోధపడిందని నమ్ముతాను. అయితే ఆ రాత్రి నేను వాడితో ఆట ఆడాను, అంతే. పాఠం వెతుక్కుంటూ ఆడి ఉంటే వాడు అంత స్వేచ్ఛగా నాతో వాదించేవాడు కాడు.

మీ చెరువుగట్టు కూడా అలాగే ఉండనివ్వండి. వానాకాలంలో గిజిగాడు గూడు అల్లే వారాలు మీకు తెలిసే ఉంటాయి. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం అల్లుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకున్నాకే మిగతాది పూర్తవుతుంది. ఇది పిల్లలకు తెలియాలంటే వరుసగా నాలుగైదు ఆదివారాలు ఒకే చెట్టు దగ్గరకు వెళ్లాలి. సెమిస్టరు పరీక్షల వారాల్లో చెరువంతా తిరగనక్కరలేదు, గూళ్లున్న ఆ ఒక్క ఈతచెట్టు దగ్గర అరగంట నిలబడి వచ్చినా చాలు. నోటు పుస్తకం బాధ్యత ఇప్పటి నుంచే పాపకు అప్పగించండి. మీరు రాలేని ఆదివారం ఎప్పుడైనా వస్తే, మీవారు దుకాణం ఆలస్యంగా తెరిచి పిల్లలను తీసుకువెళ్లాలన్న మాట ఇప్పుడే అనుకోండి. చదువుకోమనడం మంచిదే, కాని ఆ అనుమతి వంటింటి పనిలోనూ ఆదివారం పనిలోనూ కనబడాలి. ఈ మాట వారికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

చదువుకునే వేళ విషయంలో ఒక్క మాట. అన్నం ఉడికేలోగా, పిల్లల హోంవర్కు మధ్యలో అంటూ ముక్కలు ముక్కలుగా చదివితే దినపత్రిక సాగుతుంది గాని చట్టం సాగదు. ఎవరూ లేవని తెల్లవారుజామున గంటన్నర చాలు. చేరాక గైడ్లతో మొదలుపెట్టకుండా ముందు బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం, చదవండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ల కిందే చిన్న చిన్న ఉదాహరణలు ఉంటాయి. వాటిని చదివి, అలాంటిదే మీ దుకాణం నుంచి ఒక ఉదాహరణ పెన్సిలుతో అంచున రాసుకుంటే సెక్షను మరిచిపోరు. బంధువులెవరైనా పాత పుస్తకాలు ఇస్తే ముద్రణ సంవత్సరం చూడండి. 2024 జూలై 1 నుంచి పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షను ఇప్పుడు 103 అయింది. అంతకుముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుంది కనుక పాత పుస్తకాన్ని పారేయకండి, కాని దానితో చదువు మొదలుపెట్టకండి.

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 44. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేస్తున్నాను. లా పూర్తయ్యేసరికి 48 వస్తాయి, అప్పుడు న్యాయవాదిగా నమోదు చేసుకోనిస్తారా? పదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో రోజూ రాత్రి చదరంగం ఆడతాను, అది ఆపాలా?
– ఒక పాఠకుడు

జవాబు: నమోదు చేసుకోనిస్తారు. 45 ఏళ్లు దాటిన వారిని నమోదు చేసుకోరాదన్న బార్ కౌన్సిల్ నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది. ఫీజు విషయంలో కూడా, 1961 నాటి అడ్వొకేట్ల చట్టం చెప్పిన మొత్తానికి మించి, అంటే జనరల్ అభ్యర్థుల వద్ద 750 రూపాయలకు మించి, నమోదు ఫీజు వసూలు చేయరాదని 2024 జూలైలో తీర్పు ఇచ్చింది. ప్రాక్టీసు చేయాలంటే ఆలిండియా బార్ పరీక్షలో కూడా ఉత్తీర్ణులు కావాలి.

మీకున్న చిక్కు వయసు కాదు, ఉద్యోగం. పూర్తికాల జీతం మీద ఉన్నవారు ప్రాక్టీసు చేయకూడదు. చదువుకునే మూడేళ్లలో పైన చెప్పిన హాజరు నిబంధన మీకూ వర్తిస్తుంది. ఉద్యోగం చేస్తూ పగలు తరగతిలో ఎలా కూర్చుంటారన్న ప్రశ్నకు ముందు జవాబు వెతుక్కోండి. హాజరు సంగతి మేము చూసుకుంటామని ఎవరైనా చెప్తే నమ్మి డబ్బు కట్టకండి. అలా కట్టి, చివరికి పట్టా చెల్లుతుందో లేదో తెలియక నా దగ్గరకు వచ్చినవారి ముఖాలు నేను చూశాను. పై అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, సెలవు అవకాశాలు పరిశీలించాకే దరఖాస్తు చేయండి.

చదరంగం ఆపనక్కరలేదు. అయితే ఆ విషయం మీరొక్కరే నిర్ణయించకండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి పదో తరగతి పరీక్షలూ మీ లాసెట్ తేదీ ఒకే క్యాలెండరు మీద రాసుకుని, ఏయే రాత్రులు బల్ల పరుస్తారో ఇద్దరూ కలిసి గుర్తు పెట్టుకోండి.