దుకాణంలో మెరిసిన రవ్వ అరుగు మీద వెలవెలబోతే

ప్రశ్న: అమ్మాయి పెళ్ళికని రాజమహేంద్రవరంలో రవ్వల దిద్దుల కోసం యాభై సెంట్ల (అర క్యారెట్) గుండ్రటి రాళ్ళు రెండు జతలు చూశాము. రంగు, శుభ్రత రెండు జతలకూ ఒకటే. వజ్రాలను పరీక్షించే అమెరికా సంస్థ జీఐఏ ఇచ్చిన సర్టిఫికెట్లలో కట్ (కోత) కూడా ‘ఎక్సలెంట్’ అనే ఉంది. దుకాణంలో రెండూ సమానంగా మెరిశాయి. ఎరిగినవారు గనుక ఇంటికి తీసుకువెళ్ళి చూసుకోమన్నారు. వీధి అరుగు మీద చూస్తే ఒక జత మాత్రం మధ్యలో గాజుముక్కలా బోసిగా కనిపిస్తోంది. ఇది మా చూపు దోషమా, రాయి దోషమా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మీ చూపులో దోషమేమీ లేదు, చూడవలసిన చోటే చూశారు. దుకాణాల పైకప్పుకు బిగించే చిన్న, తీక్షణమైన దీపాల కింద నాసిరకం కోత గల రాయి కూడా తళుక్కుమంటుంది, రంగులు చిమ్ముతుంది. నీడపట్టున, ఆకాశపు వెలుగు నలువైపుల నుంచీ మెత్తగా పడేచోట ఆ సహాయం ఉండదు. అక్కడ వెలుగును కంటికి తిప్పి పంపే పలకలు తెల్లగా వెలుగుతాయి, కిందికి జారవిడిచే పలకలలో నుంచి రాయిని పట్టుకున్న వేలి చర్మం కనిపిస్తుంది. మీరు బోసిగా ఉందన్న చోట అదే జరుగుతూ ఉండాలి. అయితే రాయిని మరీ ముఖానికి దగ్గరగా పెట్టుకోకండి. మన తలే వెలుగుకు అడ్డుపడి మంచి రాయి కూడా నల్లబడుతుంది. జానెడుకు తక్కువ కాకుండా దూరం ఉంచి, అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి.

వజ్రం వక్రీభవన గుణకం సుమారు 2.42. అందువల్ల లోపలికి వచ్చిన కిరణం అడుగు పలకను, దాని లంబంతో 24.4 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటపడలేక వెనక్కు మళ్ళుతుంది. అంతకు తక్కువైతే చాలా భాగం జారిపోతుంది. కోత నేర్పంతా కిరణాన్ని రెండు సార్లు ఇలా మళ్ళించి పై నుంచి వెలువరించడంలోనే ఉంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టి పెవిలియన్ అనే అడుగు భాగానికి 40.75 డిగ్రీలు, క్రౌన్ అనే పై భాగానికి 34.5 డిగ్రీలు సూచించారు. నేటికీ గుండ్రటి రాళ్ళ కోత ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నది.

ఇక సర్టిఫికెట్ సంగతి. జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్ళకు కట్ గ్రేడు ఇస్తున్నది. అయితే ‘ఎక్సలెంట్’ అన్న ఒక్క మాటలో క్రౌన్ 31.5 నుంచి 36.5 డిగ్రీల వరకు, పెవిలియన్ 40.6 నుంచి 41.8 వరకు ఇముడుతాయి. రెండు కోణాలూ ఎగువ అంచుకు చేరిన రాయి పరీక్ష నెగ్గినా టేబుల్ అనే పై నడిమి చదును పలక కింద వెలుగును కారుస్తుంది. కనుక గ్రేడు చదివి ఊరుకోకుండా ఆ కాగితం మీదే ఉన్న కోణాల బొమ్మ చూడండి. క్రౌన్ 34, 35 మధ్య, పెవిలియన్ 40.6, 40.9 మధ్య ఉన్న జతను నేనైతే ముందు పక్కకు తీసి పెట్టుకుంటాను. పెవిలియన్ మరీ పల్చనైతే టేబుల్ లోపల చేపకన్నులా బూడిదరంగు వలయం తేలుతుంది; మరీ లోతైతే నడుమ మేకుతల లాంటి నలుపు కనిపిస్తుంది.

సాన పట్టేవారికి ఇది తెలియక కాదు. లోతు మిగిల్చితే బరువు మిగులుతుంది, ధర బరువును బట్టే పలుకుతుంది. బాగా కోసిన యాభై సెంట్ల రాయి సుమారు 5.1 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మీ రెండో జత 4.9 మాత్రమే ఉంటే, పైకి కనిపించని పొట్టకు మీరు డబ్బు కడుతున్నట్టే. వీలైతే దుకాణంవారిని ఐడియల్ స్కోప్ అనే చిన్న పరికరం అడగండి. దాని ఎర్ర అద్దం కింద వెలుగు తిప్పే భాగాలు ఎర్రగా, కారే భాగాలు తెల్లగా కనిపిస్తాయి. ఈ పరీక్షలన్నీ రాయి బిగించకముందే చేయాలి.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన ఏడు రాళ్ళ దిద్దులు మునుపటిలా మెరవడం లేదు. రాళ్ళు పాతబడితే మెరుపు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తగ్గదు. వజ్రానికి జిడ్డును పట్టుకునే గుణం ఉంది. తలంటుకున్న కొబ్బరినూనె, రాసుకున్న పసుపు రాయి అడుగున పేరుకుంటాయి. అడుగున గాలికి బదులు నూనె తాకితే పైన చెప్పిన 24.4 డిగ్రీల హద్దు సుమారు 37కి పెరుగుతుంది గనుక, ఎంత మంచి కోతైనా కొంత వెలుగు కారిపోతుంది. వెనుక తెరిచి ఉన్న కట్టడమైతే గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, కాసేపు నానబెట్టి, మెత్తని బ్రష్షుతో అడుగు వైపు రుద్దండి. వెనుక మూసి ఉన్న పాత కట్టడమైతే నీళ్ళలో ముంచవద్దు. లోపల రేకు పెట్టి ఉంటే తడికి నల్లబడుతుంది. దానిని తెలిసిన కంసాలి చేత విప్పించి, రాళ్ళు కడిగించి, మళ్ళీ కట్టించడమే మేలు.