సీరియల్‌లో మొదటి వేషం దొరికిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

ఆడిషన్‌లో నెగ్గావనీ, కథానాయిక చెల్లెలి పాత్ర ఇచ్చారనీ, వచ్చే నెల నుంచి హైదరాబాదులో షూటింగు మొదలవుతుందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను. మీ నాన్నగారికి ఇది ఇష్టం లేదన్న మాట కూడా చెప్పింది. ఆ విషయంలో నేను తలదూర్చను గానీ, ఈ ఉత్తరం ఆయనకూ చూపించు. ఈ వృత్తిలో మంచేమిటో చెడేమిటో దాచకుండా రాస్తున్నాను కనుక ఆయన భయాలకు కొన్నింటికైనా ఇందులో జవాబు దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. సీరియల్ తెచ్చే కీర్తి నీ పాత్రకు వస్తుంది, నీకు కాదు. 2017లో మొదలైన ‘కార్తీకదీపం’ సంగతే చూడు. వంటలక్క అంటే తెలుగునాట తెలియని ఇల్లు లేదు గానీ, ఆ పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్ పేరు అడిగితే మన బంధువుల్లోనే సగం మంది తడుముకుంటారు. రేపు నిన్నూ బజారులో పాత్ర పేరుతోనే పిలుస్తారు, సెల్ఫీలు అడుగుతారు. ఆ పాత్ర మీద హక్కు నిర్మాతదీ ఛానల్‌దీ. టీఆర్‌పీ, అంటే ఎంతమంది చూస్తున్నారన్న లెక్క, తగ్గితే కథలో లీపు తెచ్చి, అంటే కథను కొన్నేళ్లు ముందుకు దూకించి, నీ పాత్రను అమెరికా పంపించో, ఫోటోకు దండ వేసో ముగించేస్తారు. అందులో ద్వేషమేమీ ఉండదు, అది వాళ్ల వ్యాపారం. కాబట్టి సీరియల్ నడిచినంత కాలం, అది ఆగిపోయాక కూడా నీ దగ్గర మిగిలేదేమిటన్న లెక్క నీ మనసులో ఉండాలి.

మిగిలేవాటిలో మొదటిది గొంతు. మన సీరియళ్లలో కథానాయికలు చాలామంది కర్ణాటక నుంచో కేరళ నుంచో వచ్చినవారు కావడంతో వాళ్లకు డబ్బింగ్ ఆర్టిస్టులు గొంతు ఇస్తుంటారు. అదే అలవాటుగా నీకూ వేరే గొంతు పెడతామంటే ఒప్పుకోకు. తెలుగు నీ పుట్టు భాష, నీ పాత్రకు నీ గొంతే ఉండాలని మొదటి రోజే మర్యాదగా అడుగు. సూర్యకాంతం గారిని తలచుకుంటే ముందుగా చెవిలో మోగేది ఆ గొంతే కదా. ‘భక్త ప్రహ్లాద’లో చిన్ని ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి గారు తరవాతి కాలంలో ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చి, వెండితెర మీద కనిపించకుండానే దశాబ్దాల పాటు ఈ రంగంలో నిలబడ్డారు. ముఖానికి వయసు వచ్చినంత త్వరగా గొంతుకు రాదు. రోజూ పొద్దున్నే ఒక భాగవత పద్యం పైకి చదువు. ‘ళ’ దగ్గర ‘ల’ పలకడం, ‘ణ’ను ‘న’గా మింగేయడం నీ ఈడు పిల్లల్లో ఎక్కువగా వింటున్నాను. నీలోనూ కొంచెం ఉంది, ఏమీ అనుకోకు.

రెండోది జ్ఞాపకశక్తి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెట్లో ఎవరూ చెప్పరు. సీరియల్ షూటింగులో సీను కాగితం చాలాసార్లు అప్పటికప్పుడు చేతికొస్తుంది. కంఠస్థం పట్టే వ్యవధి లేక, కెమెరా పక్కన నిలబడిన అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు చదువుతూ ఉంటే ఆర్టిస్టు విని, వెంటనే అప్పజెప్పడం ఆనవాయితీ అయిపోయింది. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. మొదట్లో అదొక వరంలా ఉంటుంది. అయితే డైలాగు కోసం చెవి ఎదురు చూస్తున్న ఆ అరక్షణంలో కళ్లు ఖాళీ అయిపోతాయి, చూపు ఎదుటి ఆర్టిస్టును వదిలి తెలియకుండానే ప్రాంప్టర్ వైపు జరుగుతుంది. అందరినీ దూరం నుంచి చూపించే మాస్టర్ షాట్‌లో అది పట్టుబడదు, ముఖం ఒక్కటే చూపించే క్లోజప్‌లో దాగదు. ఇలా అలవాటుపడిన ఆర్టిస్టును సినిమా దర్శకుడు ఒక్క పేజీ డైలాగు ఒకే టేకులో చెప్పమంటే చెమటలు పడతాయి. అందుకే మేకప్ గదిలో కూర్చునే సమయాన్ని ఫోనుకు ఇవ్వకుండా సీను కాగితానికి ఇవ్వు. డైలాగుతో పాటు, ఎదుటివాళ్లు చెప్పేది కూడా చదువు. మన సీరియళ్లలో ఒకరు మాట అంటే చుట్టూ ఉన్న ఆరుగురి ముఖాలూ వరసగా చూపిస్తారు కనుక, నీ పనిలో సగం మాట్లాడకుండా వినడమే.

చెల్లెలి పాత్ర అని చిన్నబుచ్చుకోవద్దు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో సావిత్రి గారిని ముందు అనుకున్నది రెండో కథానాయిక పాత్రకే. భానుమతి గారు ఆ చిత్రం నుంచి తప్పుకోవడంతో ప్రధాన పాత్ర ఆమెకు వచ్చింది. అవకాశం అదృష్టమే కావచ్చు గానీ, ఆ రోజుకు ఆమె సిద్ధంగా ఉండటం అదృష్టం కాదు.

ఇక డబ్బు విషయానికి వస్తున్నాను. ఇందులో మొహమాటపడితే అందరికంటే నష్టపోయేది కొత్త ఆర్టిస్టే. పారితోషికం సాధారణంగా రోజుకు ఇంతని మాట్లాడతారు, చేతికి మాత్రం నెలలు గడిచాక వస్తుంది. అందుకే మొదటి కొన్ని నెలల అద్దెకు, తిండికి ఇంటి నుంచి డబ్బు తెచ్చుకుని రా. చీరలు, నగలు మనమే తెచ్చుకోవాలా, కంపెనీ ఇస్తుందా అన్నది ముందే తేల్చుకో, ఎందుకంటే కంటిన్యుటీ కోసం, అంటే ఒకే సన్నివేశం వేరే రోజు తీసినా తేడా కనిపించకుండా, కట్టిన చీరను దాచి ఉంచడం, ఉతికించడం, మళ్లీ కొత్తది కొనడం అన్నీ కలిపితే సంపాదనలో పెద్ద ముక్క అక్కడికే పోతుంది. అగ్రిమెంటులో ఇంకో ఛానల్‌లో చేయకూడదన్న షరతు ఎంతకాలం ఉందో, సీరియల్ మధ్యలో నిన్ను తీసేస్తే ఆ షరతు కూడా పోతుందో లేదో చూడు. సంక్రాంతికీ దసరాకూ ఛానల్ వాళ్లు పెట్టే ఈవెంట్లలో డాన్సు చేయమంటారు. దానికి వేరే డబ్బు ఇస్తారా, సీరియల్ లెక్కలోనే కలుపుతారా అన్నది కాగితం మీద ఉండాలి. పారితోషికంలో పది శాతం టీడీఎస్‌గా, అంటే ఆదాయపు పన్ను కింద ముందే, పట్టుకుంటారు. ఆ పట్టిన సొమ్ము నీ పాన్ మీద జమ పడిందో లేదో ఏటా చూసుకో. డబ్బు విషయం నీ తరఫున మేనేజర్ మాట్లాడినా సరే, అది నేరుగా నీ ఖాతాలోనే పడాలి.

మీ నాన్నగారి భయం దేని గురించో నాకు తెలుసు, కనుక అదీ రాస్తున్నాను. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం షూటింగ్ స్థలానికీ వర్తిస్తుంది. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి, లేనిచోట జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగి తెలుసుకో. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయితో జాగ్రత్తగా మసలుకోవాలని అక్కడున్నవాళ్లకు అర్థమవుతుంది. కథ వినిపిస్తామని హోటల్ గదికో ఫ్లాటుకో రాత్రిపూట రమ్మంటే, పగటిపూట ఆఫీసులో వింటానని చెప్పు. నిజంగా కథ ఉన్నవాడు సరేనంటాడు.

సినిమా అవకాశం కోసం తొందరపడకు. సీరియల్‌కు ఇచ్చిన డేట్స్, అంటే షూటింగుకు వస్తానని మాటిచ్చిన రోజులు, ఎగ్గొట్టి సినిమాలో రెండు సీన్లకు పరుగెత్తిన ఆర్టిస్టుకు సెట్లో చెడ్డపేరు త్వరగా వస్తుంది. డేట్స్ కుదిరేలా ఉంటే ముందే చెప్పి సర్దుబాటు అడుగు. బుల్లితెరను చిన్నచూపు చూసేవాళ్ల మాట పట్టించుకోనక్కరలేదు. సినిమాల్లో ఎంతో పేరు తెచ్చుకున్న రాధిక గారు సొంత సంస్థ పెట్టి సీరియళ్లు తీశారు. 1999లో తమిళంలో మొదలైన ఆమె ‘చిత్తి’ని మనం ‘పిన్ని’గా చూశాం.

అగ్రిమెంటు చేతికి రాగానే సంతకం పెట్టకుండా, ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు. మా కాలనీలో తెలిసిన లాయరు గారు ఉన్నారు, చూపిస్తాను. గది యూసఫ్‌గూడలో మా ఇంటికి దగ్గరగా చూస్తున్నాను. మొదటి షెడ్యూలుకు మీ అమ్మను వెంట తీసుకురా, టికెట్లు ఏ రోజుకు తీసుకున్నదీ ముందుగా చెబితే స్టేషనుకు మనిషిని పంపుతాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ