ఒక్క గదిలో బాబుకో మూల

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక్క గది కిరాయికి తీసుకుని నలుగురం ఉంటున్నాం. ఆరేళ్ల బాబుకు ఆటిజం. కుక్కర్ విజిల్ వేసినా, చుట్టాలొచ్చినా చెవులు మూసుకుని తల గోడకు కొట్టుకుంటాడు. సెన్సరీ రూమ్, అంటే వెలుగు, మోత అదుపులో ఉండి పిల్లలు నెమ్మదించే గది, పెట్టమన్నారు. రూమ్ ఎక్కడినుంచి తేను? ‘రెండు తగిలిస్తే దారికొస్తడు’ అంటుంది అత్తమ్మ. వచ్చే నెల దేవరకొండలో తమ్ముడి పెళ్లి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, రూమ్ సంగతి మర్చిపోండి. అలాంటి గదులు 1970లలో నెదర్లాండ్స్‌లోని పెద్ద సంస్థల్లో మొదలయ్యాయి. మీకు మంచం కింద జాగా, చేతికో సంచి చాలు.

సందూకలు, బియ్యం సంచి ఓ పక్కకు జరపండి. ముదురు రంగు చెద్దరు మంచానికి మూడు వైపులా వేలాడదీయండి. నాలుగో వైపు తెరిచే ఉండాలి. గాలి ఆడాలి, బాబు మీకు కనబడాలి. లైట్లు పెట్టకండి. తొలిరోజుల్లో నేనే ఒకరింట్లో సీరియల్ లైట్లు పెట్టిస్తే, వాటిని చూసి ఆ పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

లోపల బొంత పరవండి. గొంగడి గరుకుగా ఉంటుంది, అలాంటిది కొందరు పిల్లలకు అస్సలు పడదు. ఒంటిమీద కాస్త బరువుంటే నెమ్మదించే పిల్లలూ ఉన్నారు. ఇంకో బొంత మడిచి కాళ్లమీద వేసి చూడండి. ముఖంమీదికి రాకూడదు, తనంతట తాను తోసేయగలగాలి, నిద్రపోతే తీసేయాలి.

సంచిలో ఇయర్ మఫ్స్ (చెవులను కప్పి మోత తగ్గించేవి), టోపీ, మీ పాత నూలుచీర ముక్క పెట్టండి. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, కొంచెం గ్లిజరిన్, గుప్పెడు చమ్కీలు పోసి మూత అతికించేయండి. కుదిపితే చమ్కీలు మెల్లగా దిగుతుంటాయి, కళ్లు వాటి వెంటే పోతాయి. చింతగింజలు, పూసలు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. సంచి ఎప్పుడూ ఒకే కొక్కేనికి ఉండాలి.

తల కొట్టుకోవడం మొదలయ్యాక లోపలికి తోస్తే అది వాడికి జైలే. కుక్కర్ పెట్టేముందే మఫ్స్ పెట్టండి, మోత ఆగగానే తీసేయండి. ఆ పని అత్తమ్మకే అప్పగించండి, బొంత కూడా ఆమెతోనే కుట్టించండి. వాదించి ఒప్పించడం కంటే ఇదే తేలిక. దెబ్బ మాత్రం ఎవరూ వేయొద్దు.

ఒక్కమాట. నొప్పి చెప్పుకోలేని పిల్లలు చెవిపోటుకు, పంటినొప్పికి కూడా తల కొట్టుకుంటారు. డాక్టర్‌కు ఒకసారి చూపించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలోని ప్రత్యేక టీచర్లనూ కలవండి.

పెళ్లికి వెళ్లగానే ఫంక్షన్ హాల్లో స్పీకర్లకు దూరంగా ఒక మూల చూసి, అదే బొంత, అదే చెద్దరు వేసి బాబుకు చూపించండి. బారాత్ వేళ వాడి పక్కన ఎవరుంటారో మీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆడబిడ్డగా ఆ రోజు మీకు చేతినిండా పనే.