గుర్రపు దుప్పటి ఎక్కడ చూశావు బిడ్డా?

బోడుప్పల్, హైదరాబాద్

బిడ్డా,

బెల్జియంలో నువ్వు తాగిన ఊర్‌బీరు రిజర్వా అనే పులుపు బీరు మీద నీ వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు. మొదటిసారి చదివినప్పుడు ఏడో పేజీ దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. కారణం ఈ వాక్యం: "గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే గుర్రపు దుప్పటి, పాత తోలు, ఎండు చెర్రీ, బాల్సమిక్, వెనీలా, తడిసిన ఓక్ పరిమళాలు నన్ను పలకరించాయి."

గుర్రపు దుప్పటి నువ్వు ఎక్కడ చూశావు? మీది ఖమ్మం. మీ నాన్నకు ఉన్నది స్కూటర్ అని మూడో పేజీలో నువ్వే రాశావు. ఆ మాట బీరు గురించి రాసే ఇంగ్లీషు వాళ్ళది. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వదిలే వాసనకు వాళ్ళు వాడుకునే పోలిక. వాళ్ళ తాతల కొట్టాల్లో గుర్రాలుండేవి, చెమట పట్టిన దుప్పట్లుండేవి. ఆ ఈస్ట్‌ను 1904లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే ఆయన ఇంగ్లీషు బీర్లలో పట్టుకుని, "బ్రిటిష్ బూజు" అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. పేరు వాళ్ళు పెట్టుకున్నారు, బాగానే ఉంది. ముక్కు మాత్రం నీది కదా.

రెండోసారి చదివినప్పుడు పదకొండో పేజీలో, ఒక పేరా మధ్య నలిగిపోయి ఇది కనిపించింది: "రెండో గుక్కకు పళ్ళు పులిశాయి. మూడోది వద్దనుకుంటూనే తాగాను." బాగుంది. ఈ ఉత్తరం ఆ రెండు వాక్యాలకు రాస్తున్నాను, మిగతా పేజీలకు కాదు.

నేను నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఒకటే. రుచిని క్రియల్లో రాయాలి. దేనిలా ఉందో ఎందుకు? ఏం చేసిందో చెప్పు. మన భాషకు అందులో ఉన్నంత ఆస్తి ఎవరికుంది? పళ్ళు పులుస్తాయి, నోరు ఊరుతుంది, నాలుక చుర్రుమంటుంది, గొంతు పట్టేస్తుంది, కళ్ళు మూతపడతాయి. ఇన్ని పెట్టుకుని ఇటలీ వాళ్ళ బాల్సమిక్ సిర్కా దగ్గర చెయ్యి చాచావు.

నువ్వు తాగిన దాన్నే తీసుకో. అందులో రెండు పులుపులున్నాయి. ఒకటి లాక్టిక్, పెరుగులో ఉండేది. ఇంకోటి ఎసిటిక్, సిర్కాలో, అంటే వెనిగర్‌లో ఉండేది. చెక్క పీపా కొంచెం కొంచెంగా గాలి పీలుస్తుంది కాబట్టి ఆ రెండోది తయారవుతుంది. నువ్వు రెండింటినీ కలిపి "సంక్లిష్టమైన ఆమ్లత్వం" అన్నావు. ఆ మాట నాలుక మీద వేసుకుంటే ఏ రుచీ లేదు. పెరుగు పులుపు దవడల్లోకి దిగుతుంది. సిర్కా పులుపు ముక్కులోకి ఎక్కుతుంది. దిగడం, ఎక్కడం. చదివేవాడు బీరు చూడకపోయినా తేడా పట్టుకుంటాడు. ఆ తర్వాత ఓక్ చెక్క నుంచి వచ్చిన వగరు నాలుకను పట్టి ఆపుతుంది. షడ్రుచుల్లో వగరుకు మనం విడిగా పీట వేశాం. నీ పద్నాలుగు పేజీల్లో ఆ మాట ఒక్కసారి లేదు. "టానిన్లు" మాత్రం నాలుగు చోట్ల ఉంది.

ఇక అసలు సంగతి నువ్వు సీసా మీద అంకెలా రాసి వదిలేశావు. ఆల్కహాల్ 13 శాతం. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మే బీర్లు 8 దగ్గర ఆగుతాయి. దీన్ని చేసేవాళ్ళ మామూలు ఊర్‌బీరే 9. బోర్డో వైన్ పీపాల్లో పడుకుని లేచిన ఈ రిజర్వా దాదాపు వైనంత బలమైంది. పులుపు చాలంటుంది, లోపలి తీపీ మత్తూ కానిమ్మంటాయి. నీ మూడో గుక్క కథ అదే. గ్లాసు వేడెక్కేకొద్దీ ఎవరి మాట నెగ్గింది? గుండెలో వెచ్చదనం ఏ గుక్కకు మొదలైంది? అర లీటరు కూడా లేని సీసా ముందు రెండు గంటలు కూర్చున్నానన్నావు. ఆ రెండు గంటలు నాకు కావాలి. నువ్వేమో బెల్జియం చరిత్ర ఇచ్చావు.

ఇదంతా నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఊరు భువనగిరి దగ్గర. అక్కడ తాళ్ళు గీసి కల్లు దించే ఒక మామ ఉండేవాడు. లొట్టి దించగానే ముందు తనే ఒక గుక్క పుక్కిలించి, కాసేపు ఆగి చెప్పేవాడు. "ఇది నాలికె మీద నిలువది, ఉరుకుతది." ఇంకో చెట్టుది: "ఇది గొంతుల కూసుంటది. నువ్వు లేద్దామన్న లేవనియ్యది." మధ్యాహ్నం దాటాక మిగిలినదానికి: "ఇగ తిరగబడ్డది, ముట్టకు." ఆయన నోట ఒక్కనాడు పోలిక వినలేదు. చదువు రాదు. నాకు తెలిసిన విమర్శకుల్లో ఆయనే మొదటివాడు, మంచివాడు కూడా.

1981లో ఆయన మీద కథ రాశాను. అప్పుడు నేను ఆలేరు వైపు ఒక బడిలో టీచర్‌ని. కరెంటు ఉండేది కాదు, కందిలి వెలుగులో మూడుసార్లు సాపు రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎనిమిది నెలలకు అచ్చయింది. "లొట్టి" పోయి "కుండ" వచ్చింది. "రేక పట్టిండు" (కల్లు తాగే తాటాకు దొన్నె) అన్నచోట "గ్లాసు అందుకున్నాడు" అని ఉంది. "తాగిండు" కాస్తా "సేవించాడు" అయింది. ఆ సంపాదకుడిది మా భాష కాదు. అది శుద్ధి చేయవలసిన సరుకు అనుకునేవాడు. ఉత్తరం రాస్తే "పాఠకులకు అర్థం కావద్దా?" అని కార్డు ముక్క పంపాడు. కథ తీసుకెళ్ళి మామకు చదివి వినిపించాను. అంతా విని, "తాటివనంల గిలాస ఎక్కడిదిరా?" అన్నాడు. నాకు ఇప్పటికీ జవాబు లేదు. అదే ప్రశ్న నిన్ను గుర్రపు దుప్పటి పేరుతో అడిగాను.

ఇప్పటి బీరు విమర్శకులు ఇంకా నయం అనుకునేవు. వీళ్ళు మాటలు దిద్దరు, ఎందుకంటే చదవరు. ఐదుకు నాలుగుంపావు చుక్కలు వేసి, సీసాతో ఫొటో దిగి, పక్క సీసాకు పోతారు. పోనీలే.

నీ తొమ్మిదో పేజీలో ఒక సంగతి ఒక్క ముక్కలో దాటేశావు. దాని మీద నాకు చాలా కోపం వచ్చింది. ఎసెన్ అనే పల్లెలో 1980లో మొదలై నీ బీరు చేసే డె డొల్లె బ్రౌవర్స్, అంటే పిచ్చి బీరుగాళ్ళు, తమ ఈస్ట్‌ను రూసెలారెలోని రోడెన్‌బాఖ్ అనే బీరు కంపెనీ దగ్గర తెచ్చుకునేవాళ్ళు. 1998లో రోడెన్‌బాఖ్ చేతులు మారింది, ఆ తర్వాత బయటివాళ్ళకు ఈస్ట్ ఇవ్వడం ఆపేశారు. ఈస్ట్, పులుపు బాక్టీరియా కలిసి ఉన్న ఆ మిశ్రమం దొరక్కపోతే ఊర్‌బీరు ఊర్‌బీరు కాదు. పిచ్చివాళ్ళు తమ దగ్గర మిగిలినదాన్నే పెంచుకుంటూ నిలబెట్టుకోవలసి వచ్చింది. బిడ్డా, ఇది తోడు కథ! పొద్దుగూకాక పాలు కాచి, గిన్నె పట్టుకుని పక్కింటికి పోతే "మాకే లేదు" అన్నారు అనుకో. ఆ రాత్రి ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తారో నీకు తెలుసు. రోడెన్‌బాఖ్‌లో 294 పెద్ద ఓక్ పీపాలు ఉన్నాయని లెక్క రాశావు, తోడు దొరకని ఒక్క గిన్నె నీకు కనబడలేదు.

నేనూ ఆ దేశం చూశాను. మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉన్నప్పుడు ఆండర్‌లెక్ట్‌లోని కాంటియాన్ అనే బీరు కార్ఖానాకు తీసుకెళ్ళింది. 1900 నాటిది. అటక మీద వెడల్పాటి రాగి తొట్టి ఉంది, లోతు తక్కువ. చలికాలం రాత్రుల్లో ఉడికిన గోధుమ, బార్లీ రసాన్ని అందులో పోసి వదిలేస్తారు. గాలిలో ఉన్నదేదో వచ్చి పడి పులియబెడుతుంది. ఎవరూ తోడు వేయరు. చుట్టూ సాలెగూళ్ళు. దులపరు, పీపాల చుట్టూ మూగే ఈగలను సాలెపురుగులు పడతాయి కాబట్టి. నాకు తాటిచెట్టు మీది లొట్టి కనిపించింది. లోపల సున్నం పూస్తే నీరాగా నిలుస్తుంది, పూయకపోతే చెట్టు మీదే పులవడం మొదలవుతుంది. కాకపోతే మన కల్లు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య బతికి చస్తుంది. వాళ్ళు ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది కలిపి గ్యూజ్ అనే బీరు చేస్తారు. మొదటి గుక్కకు రెండు చెవుల కింద ఎవరో బొటనవేళ్ళతో నొక్కినట్టయింది.

చూశావా, నేనూ "అయినట్టు"లో పడ్డాను. అది ఒకరు చేసిన పని కాబట్టి క్షమించు.

చివరి పేజీ తీసెయ్. బీరు పులుపు తగిలి అమ్మ చేతి ఆవకాయ గుర్తొచ్చి కళ్ళు చెమర్చడం. విదేశాల నుంచి నాకు వచ్చే ప్రతి రచనా ఈ జాడీలోనే మునుగుతోంది. నువ్వు ఆ రోజు డిక్స్‌మైడెలో రైలు దిగి, వానలో నడిచి, తడిసిన బూట్లతో కూర్చుని తాగావు. అమ్మను తీసుకురాకు, ఆమెకు ఆ బూట్లు తెలియవు. నేను మామను తెచ్చాను కదా అంటావు. నాకు డెబ్బై మూడేళ్ళు, నీకు ఇరవై ఆరు. ఆ హక్కు తర్వాత వస్తుంది.

కలం పేరు గురించి, పోటీల గురించి, పుస్తకంగా వేయించుకోవడం గురించి అడిగావు. ఇంకోసారి మాట్లాడదాం. సాంకేతిక పదాలకు తెలుగు కట్టాలా అంటే, పీపా ఉంది, పులుపు ఉంది, వగరు ఉంది. ఈస్ట్‌ను ఈస్ట్ అను, ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగు పేజీల్లో మళ్ళీ రాసి పంపు. ఆ రెండు వాక్యాలతో మొదలుపెట్టు, తర్వాత నాలుగో గుక్క రాయి.

సంక్రాంతికి వస్తున్నానని రాశావు. నాకు డాక్టరు ముట్టవద్దన్నాడు, అది వేరే విషయం. కస్టమ్స్ వాళ్ళు రెండు లీటర్ల దాకా ఏమీ అనరు. 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు పడతాయి, లెక్క వేశాను.

ఆశీస్సులతో,
నువ్వు సార్ అని రాసిన ముసలాయన