సమాధానం: ఒక్క యార్డు ధర రాకపోతే స్క్రీన్ మొత్తం ఖాళీ

తమ్ముడూ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, గద్వాల మార్కెట్ యార్డుల ధరలన్నీ ఫ్లట్టర్ యాప్‌లో ఒకేసారి తెస్తుంటే, ఒక్కటి ఫెయిలైనా స్క్రీన్ ఖాళీ అవుతోందని రాశావు. నీ కోడ్‌లోని ఫ్యూచర్.వెయిట్ (అన్ని రిక్వెస్ట్‌లూ అయ్యేదాకా ఆగి, ఫలితాలను ఒకేసారి ఇచ్చేది) చేసే పని అదే. ఒక్క రిక్వెస్ట్ ఎర్రర్ ఇచ్చినా మొత్తం ఎర్రరే అవుతుంది, సరిగ్గా వచ్చిన ధరలు కూడా నీకు అందవు.

ట్రై-క్యాచ్‌ను, అంటే ఎర్రర్‌ను పట్టుకునే కోడ్‌ను, ఒక్కో యార్డు ధర తెచ్చే ఫంక్షన్ లోపలికి మార్చు. ధర వస్తే ధర, రాకపోతే 'రాలేదు' అనే విలువ తిరిగి ఇవ్వాలి. ఎర్రర్ బయటికి పోవద్దు. నన్నడిగితే అన్నీ వచ్చేదాకా ఆగనే వద్దు, ఏ యార్డుది ముందొస్తే అది ముందు చూపించు. వడ్లు ట్రాక్టర్‌కు ఎత్తి ఏ యార్డుకు పోదామా అని చూసే రైతుకు మూడు ధరలు కనబడినా ఎంతో మేలు.

10 సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసేలా టైమౌట్ పెట్టావు, మంచిదే. కానీ ఫ్లట్టర్ యాప్‌లు రాసే డార్ట్ భాషలో ఫ్యూచర్‌కు (తర్వాత రాబోయే ఫలితానికి) పెట్టే టైమౌట్ మన ఎదురుచూపునే ఆపుతుంది, వెనక రిక్వెస్ట్ నడుస్తూనే ఉంటుంది, డేటా ఖర్చవుతూనే ఉంటుంది. దాన్ని నిజంగా ఆపాలంటే రిక్వెస్ట్‌లు పంపే డియో ప్యాకేజీలోని క్యాన్సిల్‌టోకెన్ వాడు, రిక్వెస్ట్‌ను మధ్యలో రద్దు చేసేది అదే. స్క్రీన్ మూసేటప్పుడు నడిచే డిస్పోజ్ ఫంక్షన్‌లో కూడా క్యాన్సిల్ చెయ్యి.

విండోస్ వెర్షన్‌లో యార్డులన్నిటి ధరలూ ఒకేసారి అడిగితే సర్వర్ మొరాయిస్తోందన్నావు కదా, సర్వర్‌కు కనెక్షన్లు తెరిచే డార్ట్ హెచ్‌టీటీపీక్లయింట్‌లో ఒక సర్వర్‌కు ఇన్నే కనెక్షన్లని డిఫాల్ట్ హద్దు లేదు. ఆ హద్దు పెట్టే మ్యాక్స్‌కనెక్షన్స్‌పర్‌హోస్ట్‌ను 2 పెట్టి చూడు. మిగతావి క్యూలో ఆగుతాయి. అప్పటికీ ఫెయిలైతే ఆ లాగ్ ఇక్కడ పెట్టు, చూస్తాను.